ఒకటో నంబరు పైన ఖాళీ గీత

ఫ్లారెన్స్ మేడం మా స్కూలుకు వచ్చిన మొదటి వారమే మా గైడ్లన్నీ వసూలు చేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. పుంగనూరులో ఆడపిల్లల హైస్కూలు, 1993 జూన్ నెల, పదో తరగతి. మేము నలభై ముగ్గురం. ఆ రోజు ఇద్దరు ఏడ్చారు. ఆ ఇద్దరిలో నేను లేను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే.

ఆమెది మదనపల్లె. మిషన్ ఆసుపత్రి కాంపౌండులో ఇల్లు. రోజూ బస్సులో గంట ప్రయాణం చేసి వచ్చేవారు. ముదురు రంగు నూలు చీర, మగవాళ్లు కట్టుకునేంత పెద్ద గడియారం, చేతిలో టిఫిను క్యారియరు. అరవరు. అరవకపోయినా వెనక బెంచీ దాకా వినిపించే గొంతు.

గైడ్లు లాక్కునే ముందు అందులోంచి ఒక వాక్యం పైకి చదివారు. పెట్టు అనే క్రియకు సొంత వాక్యమట: సీత దీపమును పెట్టెను.

"ఎవరింట్లో పెట్టెను అంటారమ్మా? మీ నాయన అంటాడా? మీ అవ్వ అంటుందా?" అని అడిగారు. "మరి ఇది ఎవరి సొంతం?"

తర్వాత పద్ధతి చెప్పారు. "తెలుగులో కొన్ని క్రియలుండాయి. ఒక్కొక్కటి పది పనులు చేస్తుంది. పెట్టు, పట్టు, తీయి, పడు, వేయి. అవి నేను నేర్పేవి కావు. మీ ఇండ్లల్లో మీకంటే ముందే పుట్టుండాయి. వాటిని తెచ్చి నాకు చూపించండి."

సోమవారం బోర్డు మీద ఒక క్రియ రాస్తారు. శనివారం లోపల దానితో ఎన్ని వాక్యాలు దొరికితే అన్ని రాయాలి. చెవులారా విన్నవే రాయాలి. ప్రతి వాక్యానికీ కుడి పక్కన "అన్నది" అని పెట్టి, ఎవరన్నారో, ఏ రోజో, ఎక్కడో రాయాలి. కింద ఇంట్లోవాళ్ల సంతకం. కల్పించి రాస్తే సున్నా. దీప అనే పిల్ల మొదటి వారమే "మా తాత గుర్రంకొండ కోట మీద పులిని పట్టుకున్నాడు" అని రాసి, పక్కన బుధవారం అని పెట్టింది. మేడం ఎంతో ఆసక్తిగా "ఏ బుధవారం?" అని అడిగారు. దీప సున్నాతో కూర్చుంది.

పట్టు వారంలోనే మాకు మత్తెక్కింది. మా వీధిలో ఒకావిడకు నడుము పట్టింది. ఎవరింట్లోనో పసిబిడ్డకు పాలు పట్టారు. ఇనుప బకెట్టుకు తుప్పు పట్టింది. ఒకరి సంచీలో రెండు కిలోలు పట్టలేదు. ఒక కోడలికి అత్తగారి సంగతి పట్టదు. ఒక్క మాటే ఇన్ని ఇండ్లల్లో ఇన్ని పనులు చేస్తుందని నాకు అంతవరకు తెలియదు. బోరింగు దగ్గర బిందె నిండినా కదలకుండా నిలబడి వినేదాన్ని. అవ్వలు నన్ను చూస్తే "రాసుకునే పిల్ల వచ్చిందిమే, నోరు సరిగ్గా పెట్టుకోండి" అని నవ్వేవాళ్లు. అది కూడా రాసుకున్నాను, పెట్టు వారంలో పనికొచ్చింది.

మార్కులు పదికి తొమ్మిది దాటనిచ్చేవారు కాదు. నేను ప్రతి వారం తొమ్మిదే తెచ్చుకుని ప్రతి వారం మండిపడేదాన్ని. ఒకసారి అడిగేశాను. "పది ఎవరికేస్తారు మేడం?"

"నేనెప్పుడూ విననిది తెచ్చినోళ్లకు" అన్నారు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాయన సిద్దప్పకు బస్టాండు దగ్గర చింతపండు మండీ. ముందర అంగడి, వెనక ఇల్లు. ఆయన తాగడు. బీడీ కాల్చడు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే వినేవాళ్లంతా మొదట అదే అడుగుతారు. ఎండాకాలం అంగడి ముందర మజ్జిగ కుండ పెట్టించి దారిన పోయేవాళ్లకు తానే ముంచి ఇచ్చేవాడు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మండీకి వచ్చిన వాళ్లందరికీ నా నోటు పుస్తకం తెరిచి చూపించేవాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

అమ్మను కొట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు అంగడి తలుపు వేసి, భోజనానికి లోపలికి వచ్చి, రేడియో గట్టిగా పెట్టి. కారణం ఉండేది, ఏదో ఒకటి. సిద్దప్ప వార్తలు వింటున్నాడని బయటివాళ్లు అనుకునేవారు. సెలవు రోజుల్లో నేను నడవలో కూర్చుని పుస్తకం మీద తల వంచేదాన్ని.

అమ్మ పేరు చెంగమ్మ. ఆమె ఎడమ చెయ్యి మోచేతి కింద రెండుసార్లు విరిగింది. రెండోసారి ఎముకల కట్టుకు పుత్తూరు దాకా ఎందుకులే అని మా నాయనే వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎంత జాగ్రత్తగా కట్టాడంటే, చూసినవాళ్లు భార్య అంటే ఎంత ప్రేమో అన్నారు. జారి పడ్డానని అమ్మ అందరికీ చెప్పింది. నేనూ అదే చెప్పాను. ఆ ఏడు నవంబరులో అమ్మ తల గోడకు తగిలి రెండు రోజులు లేవలేకపోయింది. ఇంకొక్కసారి అలా తగిలితే అమ్మ చచ్చిపోతుందని నాకు తెలుసు. ఎవరికైనా చెబితే నాయన పరువు పోతుందని కూడా తెలుసు. పదిహేనేళ్ల పిల్లను, రెండూ మోయలేక నోరు మూసుకుని తొమ్మిది మార్కులు తెచ్చుకుంటూ ఉండేదాన్ని.

జనవరి చివరలో ఒక సోమవారం మేడం బోర్డు మీద "కొట్టు" అని రాశారు. క్లాసు గొల్లుమంది. నలభై మంది ఒకేసారి వీపులు తడుముకున్నారు. మొదటి వాక్యం కోసం ఎవరూ బోరింగు దాకా పోనక్కరలేదు.

నేను ఆ వారం ఊరంతా గాలించాను. గుడి దగ్గర టెంకాయ కొట్టారు. సైకిలు షాపులో గాలి కొట్టారు. మా పక్కింటి గోడకు సున్నం కొట్టారు. కరెంటు తీగ షాకు కొట్టింది, ఎండ చుర్రున కొట్టింది, విరిగిపోయిన పాలు వాసన కొట్టాయి. బోరింగు కొట్టి కొట్టి ఒక అవ్వకు భుజం నొప్పి పట్టింది. దీప వాళ్ల మామ పొద్దున టమోటా తోటకు మందు కొట్టి, సాయంత్రం తాను మందు కొట్టాడు. ఆ రెండింటినీ దీప, నేను చెరొకటి పంచుకున్నాం. మా మండీ వెనక కూలీ ఆడవాళ్లు చింతకాయలు కొడుతూ, కొత్త కోడలు ఎవరికో కన్ను కొట్టిందని చెప్పుకున్నారు. పదిహేడు వాక్యాలు తేలాయి. క్లాసులో ఎవరికీ పన్నెండు దాటలేదు. మా నాయన అన్నీ పైకి చదివించుకుని మురిసిపోయి, పూర్తి పేరుతో సంతకం పెట్టాడు.

ఈసారి పది వేయక చస్తారా అనుకున్నాను.

సోమవారం పుస్తకం తిరిగొచ్చింది. మార్కులే లేవు. ఒకటో నంబరు పైన ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి, ఒక గీత గీసి ఉంది. గీత మీద ఏమీ లేదు. దీపకు ఎనిమిది.

పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూముకు పోయాను. "ఇదేంది మేడం?"

"ఒక వాక్యం తక్కువుండాదమ్మా."

"పదిహేడుండాయి!"

"ఉండాయి. బాగుండాయి. పైది ఒకటి రాలేదు." క్యారియరు మూత పెడుతూ అన్నారు. "తొందర లేదు. ఎప్పుడైనా రాయి. రాయకపోయినా నేనేమీ అడగను."

నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్లు మండింది. క్లాసులో అందరూ నవ్వుకుంటూ "మా నాయన నన్ను కొట్టినాడు", "మా యమ్మ మా తమ్ముణ్ణి కొట్టింది" అని రాసుకొచ్చారు. నేను రాయలేదని ఈమె ఎలా కనిపెట్టింది? కనిపెట్టి ఏం చేద్దామని? వారం రోజులు ఆమె వైపు చూడలేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి గోడకు జవాబు చెప్పాను. ఆమె ఆ జవాబులకు కూడా "సరిగ్గా చెప్పినావు" అన్నారు.

ఆ ఎర్ర గీత మా నాయన కంట పడింది.

"ఏంది పాపా, ఇంత పెద్ద ఖాళీ?"

"ఒక వాక్యం తక్కువంట నాయనా."

"మిగతా పిల్లోళ్లు ఏం రాసినారు ఆడ?"

"వాళ్ల నాయన్లు వాళ్లను కొట్టినారని."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది. గీత వైపు చాలాసేపు చూసి, చెవి మీది పెన్సిలు తీసి నాకిచ్చాడు. "నేను సెప్తా, రాయి. మా నాయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. అన్నది, మా నాయన. నిజమే గదా?"

"నిజమే నాయనా."

అమ్మ గడప దగ్గర చింతగింజలు ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగింది. నేను పెన్సిలుతో రాశాను. అబద్ధం కాదు కదా, విన్న మాటే కదా, రూలు ప్రకారమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మేడం దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత రబ్బరు తీసుకుని మెల్లగా, కాగితం చిరగకుండా, ఆ వాక్యాన్ని తుడిచేశారు. "మంచి వాక్యమే తెచ్చినావు. దీన్ని పద్దెనిమిదో నంబరు కింద రాసుకో. పై గీత దీనిది కాదు."

ఆ వారం సంత రోజున మేడం స్కూలుకు రాలేదు. సెలవు పెట్టారన్నారు. పదకొండు గంటలకు మా మండీ దగ్గర తేలారు. మా వీధి పిల్ల పరిగెత్తుకొచ్చి చెబితే నేనూ కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పరిగెత్తాను. అంగడి నిండా జనం. గంగవరం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతులు మూటల మీద కూర్చుని ఉన్నారు.

"అప్పా, నేను మీ పాప మునీశ్వరికి తెలుగు చెప్పే మేడంను" అన్నారు మా నాయనతో, అందరికీ వినిపించేలా. "పిల్లలు తెచ్చే వాక్యాల్లో చింతకాయలు కొట్టేది శానా వస్తాండాది. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క కాయ కొట్టలేదు. మీ ఇంట్లో నేర్పిస్తారా?"

రైతులు నవ్వారు. మా నాయన పొంగిపోయాడు. "దానికేం మేడం, లోపలికి రాండి. చెంగమ్మా, మేడంకు పీట ఎయ్యి" అన్నాడు.

మేడం పీట వద్దని గోనెపట్టా మీదే చతికిలబడ్డారు. అమ్మ ఒక రాయి ఆమె చేతికిచ్చింది. మూడో దెబ్బకే మేడం బొటనవేలు మీద కొట్టుకున్నారు. "అయ్యో దేవుడా" అని వేలు నోట్లో పెట్టుకున్నారు. అమ్మ నవ్వింది. గట్టిగా, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వు విని నేను గుమ్మంలో ఆగిపోయాను. మా అమ్మకు పైపళ్ల మధ్య చిన్న సందు ఉందని అంతవరకు మరిచిపోయి ఉన్నాను.

మేడం ఏమీ అడగలేదు. ఆ చెయ్యి ఎట్లా విరిగింది, ఎవరు, ఎప్పుడు, ఒక్కటీ లేదు. కాయలు కొడుతూ, ఏ ఊరు పండు పులుపో, ఏది తీపో కనుక్కున్నారు. అమ్మ పుట్టిల్లు ఏదో కనుక్కున్నారు. చాలాసేపటికి, "ఈ ఎడమ చేత్తో బిందె ఎత్తగలవా చెంగమ్మా?" అన్నారు.

"ఎత్తలేను మేడం. ఒక పక్కకు లాగుతాది."

ఒంటిగంటైంది. మా నాయన అంగడి తలుపు దగ్గరికి వేసి లోపలికి వచ్చాడు. మేడం లేవలేదు. "ఇంకో బుట్టెడు కొట్టి పోతా అప్పా, ఇప్పుడే చెయ్యి తిరగతాండాది" అన్నారు. మా ఇంట్లోనే, మా నాయన ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నారు. ఆ రోజు రేడియో మోగలేదు.

రెండు గంటలకు అంగడి తెరిచాక, రైతులు మళ్లీ చేరాక, మేడం చీర దులుపుకుని ముందరికి వచ్చారు. "సిద్దప్పా, నీ ఇంటామె చెయ్యి వంకరగా అతుక్కోనుండాది. ఇట్లే ఇడిస్తే పనికి రాకుండా పోతాది. మా చెల్లెలు లిడియా మదనపల్లె ఆసుపత్రిలో నర్సు. రేపు పొద్దున్నే నేనొస్తా, ఎనిమిది గంటల బస్సుకు నాతో పంపు, ఎక్స్‌రే తీపిస్తాం. తోడు పాప వస్తాది."

మా నాయన మేడం వైపు చూశాడు, రైతుల వైపు చూశాడు. ఒక ముసలాయన "మేడమే ఇంటికొచ్చి పిలుస్తాంటే ఇంకేం కావాలప్పా" అన్నాడు.

"అట్లే మేడం. నేనే తీసుకోని పోదామనుకుంటాండా" అన్నాడు మా నాయన.

ఇదంతా ఆమె ముందే లెక్క వేసుకున్నారని నాకు ఆ వయసులో తెలియలేదు. సంత రోజే ఎందుకు, అంత జనం ముందే ఎందుకు, అంగడి తలుపు మూసే ఒంటిగంట దాటేదాకా ఎందుకు ఉన్నారు, ఇవన్నీ తర్వాత ఎప్పుడో ఒక్కొక్కటిగా తెలిశాయి. తెలిసినప్పుడల్లా ఆమె మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

మదనపల్లె ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. పక్కన లిడియా సిస్టరు కాగితం, పెన్ను పట్టుకుని నిలబడింది. మేడం తలుపు దగ్గర నిలబడి వరండాలోకి చూస్తున్నారు.

"ఇది ఎట్లా తగిలిందమ్మా?" డాక్టరమ్మ ఒకచోట వేలు పెట్టి అడిగారు.

"జారి పడినా."

"ఇది?"

"అదీ జారే."

"పక్కటెముక కూడా ఒకటి విరిగి అతుక్కుంది. ఇది?"

"మెట్ల మీద" అంది అమ్మ. మా ఇంటికి మెట్లే లేవు.

లిడియా పెన్ను ఆగింది. ఎవరూ నా వైపు చూడలేదు. మేడం నన్ను అడిగి ఉంటే "జారిందే" అని చెప్పేదాన్ని, అలవాటుగా వచ్చేసేది. ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు. అడగనన్నారు, అడగలేదు. మాట ఇచ్చిన మనిషి అలా ఆ వైపు తిరిగి నిలబడి ఉంటే, నా లోపల ఇన్నేళ్లు గట్టిగా పట్టుకున్నదేదో ఇక ఆగలేదు.

"మా నాయన మా యమ్మను కొట్టినాడు" అన్నాను.

నాకు ఇంకేం చెప్పాలో తెలియలేదు. పుస్తకంలో కుడి పక్కన ఎప్పుడూ రాసేదే నోటికొచ్చింది. "అన్నది, నేను. సూసింది కూడా నేనే. మద్యాన్నం ఒంటిగంటకు. మా ఇంటి నడవలో."

అమ్మ మంచి చేత్తో నా నోరు మూసింది. కొంచెంసేపు అలాగే ఉండి, మెల్లగా తీసేసింది. డాక్టరమ్మ వైపు తిరిగి, "నా బిడ్డ అబద్ధం సెప్పదు" అంది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ రోజు కోపం రాలేదు.

చెయ్యి సరిచేయడానికి ఆపరేషన్ అవసరమని అమ్మను వార్డులో చేర్చుకున్నారు. చెయ్యి నయమయ్యేదాకా అన్నారు, తర్వాత బలం వచ్చేదాకా అన్నారు. ఆ తర్వాత లిడియా సిస్టరు నర్సుల హాస్టలు వంటగదిలో ఒక మనిషి కావాలంది. ఇంటికి పోతానని అమ్మ ఎప్పుడూ అనలేదు. పోనని కూడా అనలేదు. రోజూ పొద్దున లేచి వంటగదికి పోయింది, అంతే. నేను లిడియా సిస్టరు గదిలో ఉండి, పరీక్షలయ్యేదాకా మేడంతో పాటు బస్సులో పుంగనూరుకు వెళ్లి వచ్చాను. బస్సు మా మండీ ముందర తిరిగేటప్పుడు మేడం నన్ను కిటికీ పక్క నుంచి లేపి, తాను ఆ పక్క కూర్చునేవారు.

మా నాయన ఆసుపత్రికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి అరటిపళ్లు తెచ్చాడు. అమ్మ ముఖం చూపించలేదు. నన్ను వేపచెట్టు కిందికి పిలిచి, "పాపా, నేను నిన్నెప్పుడన్నా కొట్టినానా?" అన్నాడు.

"లేదు నాయనా. అది పద్దెనిమిదో నంబరు కింద రాసుండాది."

"మరి యాల ఇట్ల చేసినావు?"

"పైది ఖాళీగా ఉండాది నాయనా" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. అరటిపళ్లు నా చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచాడు. ఆయన నడిచి పోతుంటే నా గుండె తరుక్కుపోయింది. అది కూడా చెప్పాలి, దాచడం నాకు ఇష్టం లేదు.

ఊళ్లో పెద్దమనుషులు కొందరు, మేడం ఒక మంచి సంసారాన్ని పాడు చేసిందని పైకి అర్జీ రాశారు. జూన్‌లో ఆమెను పెద్దతిప్పసముద్రం స్కూలుకు వేశారు. పుంగనూరు కంటే దూరం, బస్సులు తక్కువ. నేను భయపడుతూ పోయి, నా వల్లే కదా అన్నాను. "పిచ్చిదానా, ఆడ కన్నడం కలిసిన వాక్యాలు దొరకతాయి. రెండు చేతులా ఏరుకుంటా" అన్నారు. రిటైరయ్యేదాకా ఆ ఊరికే తిరిగారు. ఆ దూరం గురించి ఒక్క మాట ఆమె నోట నేను వినలేదు.

నేను తెలుగు పండిట్ ట్రైనింగు చేశాను. 2001లో కుప్పంలో ఉద్యోగం వచ్చింది. నా క్లాసులో సగం పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు. వాళ్లు తెచ్చే వాక్యాలు రెండు భాషల మధ్య గెంతుతూ వస్తాయి. గైడ్లు నేనూ లాక్కుంటాను. ఏటా జనవరిలో బోర్డు మీద కొట్టు అని రాస్తాను, క్లాసు గొల్లుమంటుంది. శనివారం పుస్తకాలు తీసుకుని ముందు ఒకటో నంబరు మాత్రమే చదువుకుంటూ పోతాను. ఇప్పటికి రెండుసార్లు ఎర్ర పెన్ను, స్కేలు తీశాను.

2004 ఎండాకాలం సెలవుల్లో మదనపల్లె పోయాను. మేడం రిటైరై ఏడాది. సాయంత్రం వాళ్ల వరండాలో కూర్చున్నాం, మేడం, నేను, అమ్మ. పదేళ్లుగా అడగాలనుకున్నది అప్పుడడిగాను. "మేడం, కొట్టని ఇండ్లు కూడా ఉంటాయి కదా. మాది అట్లాంటిదేమోనని మీరు ఎందుకు అనుకోలేదు?"

"ఉంటాయి. సంతోషమే" అన్నారు. "కానీ ఆ ఇంటి పిల్ల ఊరుకుంటాదా? మా ఇంట్లో ఎవరూ కొట్టరని ఒకటో నంబరు కిందే గొప్పగా రాస్తాది. నువ్వు అదీ రాయలేదు. పదిహేడు వాక్యాలు తెచ్చినావు, ఊరంతా తిరిగినావు. మీ ఇంటి నడవలోకి మాత్రం పోలేదు."

నలభై మూడు పుస్తకాలు, నాలుగు వందల వాక్యాలు. అందులో ఉన్నవన్నీ చదివి, లేనిదాన్ని కూడా చదివిన మనిషి. ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది, పెడితే తిడతారని ఊరుకున్నాను.

అప్పుడు అమ్మ కొంగు కింద నుంచి ఒక పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయిన నా పాత నోటు పుస్తకం. దాన్ని ఇన్నేళ్లు ఆమె పెట్టెలో దాచిందని నాకు తెలియదు. హాస్టల్లో నర్సు పిల్లలు ఆమెకు అక్షరాలు నేర్పుతున్నారని మాత్రం తెలుసు. నాకివ్వకుండా నేరుగా మేడం చేతికిచ్చింది.

ఒకటో నంబరు పైన ఎర్ర గీత మీద, నీలం సిరాతో, పెద్దా చిన్నా వంకర అక్షరాలు.

ఒంటిగంట గంట నేనే కొట్టినా.

కుడి పక్కన: అన్నది, చెంగమ్మ. రోజూ. హాస్టలు మెస్సు దగ్గర. కింద, సంతకం పెట్టే చోట, మా నాయన పాత సంతకం పక్కన కొత్తగా ఇంకో సంతకం ఉంది. అదీ చెంగమ్మదే.

"నేను గంట కొడితేనే మేడం, అంత మందీ అన్నానికి వచ్చి కూసునేది" అంది అమ్మ, సిగ్గుపడుతూ. "నేను కొట్టకపోతే ఎవరూ రారు."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఇంట్లోకి వెళ్లి ఎర్ర పెన్ను వెతికి తెచ్చారు. గీత చివర, పదేళ్లుగా ఖాళీగా ఉన్న మార్కుల చోట, పది వేశారు.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "నాకు తొమ్మిది దాటలేదు మేడం!"

"రూలు నీకు తెలిసిందే గదా" అన్నారు ఆమె. "కొట్టినా అని చెంగమ్మ అనంగా నేనెప్పుడూ వినలా."